ముర్రుపాలలోని చక్కెర
(నెల్లిమర్ల ప్రాంత పాల సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈనిన మూడు నాలుగు రోజుల్లోనే దూడకు తెల్లపారుడు పట్టిందంటే ఆ ఇంట గుబులు మొదలైనట్టే. దూడ పోతే గేదె చేపదు. పెయ్యదూడైతే రేపటి పాడి కూడా దానితోనే పోతుంది.

ఈ పారుడుకు ముఖ్య కారణాలలో ఒకటి ఇ-కొలై అనే సూక్ష్మజీవి. ప్రేగులోకి వెళ్ళినంత మాత్రాన అది రోగం తేలేదు. ముందు ప్రేగు గోడను పట్టుకోవాలి, లేకపోతే మేతతో పాటే కొట్టుకుపోతుంది. పట్టుకోవడానికి దాని ఒంటినిండా సన్నని నూగు ఉంటుంది. అది ఒకరకం మాంసకృత్తు. దూడల్లో రోగం తెచ్చే రకానికి కె-99 అని పేరు. ప్రేగు గోడ మీద ఉండే ఒక ప్రత్యేకమైన చక్కెరను అది వెదికి పట్టుకుంటుంది. పుట్టిన కొత్తలో ఆ పట్టు గట్టిగా చిక్కుతుంది, దూడ పెరిగేకొద్దీ సడలుతుంది.

ఉత్తరేణి గింజలు పంచెకు ఎలా అంటుకుంటాయో మీకు తెలుసు. గోనెపట్టా అడ్డం పెడితే గింజలు దానికే అంటుకుంటాయి, పంచె బాగానే ఉంటుంది. సూక్ష్మజీవికి కూడా ఇలాగే చక్కెరను అడ్డం పెట్టవచ్చునని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు నాథన్ షారన్, ఇత్జాక్ ఓఫెక్, వారి సహచరులు ఆలోచించారు. ఇ-కొలైలో మరో రకం మానోజ్ అనే చక్కెరను పట్టుకుంటుందని 1977లో చూపారు. ఆ చక్కెర జాతి పదార్థాన్ని కలిపి ఇస్తే ఎలుకల మూత్రాశయంలో సూక్ష్మజీవి నిలదొక్కుకోవడం తగ్గిందని 1979లో ప్రకటించారు. అయితే ఎలుకలో నెగ్గినదల్లా మనుషుల్లో నెగ్గదు. బ్రిటన్‌లో మూత్ర రోగం మళ్ళీ మళ్ళీ వచ్చే 598 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితం 2024లో వెలువడింది. రోజూ మానోజ్ పొడి తిన్నా రోగం చెప్పుకోదగినంత తగ్గలేదు.

కనుక డబ్బాలో చక్కెర మందు కోసం మనం ఎదురుచూడనక్కరలేదు. ముర్రుపాలలో ఇలాంటి అడ్డు చక్కెరలు సహజంగానే ఉన్నాయి. మొదటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, తరువాత వేగంగా తగ్గిపోతాయి. అసలు కాపలా మాత్రం ముర్రుపాలలోని రోగనిరోధక మాంసకృత్తులదే, చక్కెరలు దానికి తోడు. ఆ మాంసకృత్తులను రక్తంలోకి తీసుకునే దారి దూడ ప్రేగులో ఒక్క రోజుకే మూసుకుపోతుంది.

ఇది తెలిసీ మాయ పడేదాకా దూడను కట్టేసి ఉంచడం మాకు బాధ కలిగిస్తుంది. దూడ చీకితే మాయ పడటానికి సాయమే గాని ఆటంకం కాదు. పుట్టిన గంట రెండు గంటల్లో మొదటి విడత పట్టించండి. 30 కిలోల దూడకు 12 గంటల లోపల సుమారు 3 లీటర్లు అందాలి.

చక్కెర మంచిదన్నారు కదా అని బెల్లం నీళ్ళు పట్టేరు సుమా! బెల్లాన్ని, పంచదారను అరిగించుకునే శక్తి దూడకు లేదు, పారుడు ఇంకా ముదురుతుంది. పారుడు పట్టిన దూడకు పాలు మానిపించక, గ్లూకోజు, ఉప్పు కలిసిన లవణాల నీరు వేరుగా పట్టించి, పశువైద్యునికి కబురు చేయండి.

జున్ను సంగతి అడుగుతారని తెలుసు. దూడ తాగగా మిగిలిన పాలతో వండుకోండి. పిలిస్తే మేమూ వస్తాము.