కువైట్‌కు పంపిన ప్రశ్నలు

నా ముందు కూర్చున్న పూర్వ విద్యార్థులారా, మీలో చాలామందికి ఇప్పుడు నాకంటే ఇంగ్లీషు బాగా వచ్చు. కాబట్టి గ్రామరు జోలికి పోను. వేరే దేశాల గురించి చిన్నపిల్లలకు ఎట్లా చెప్పకూడదో నేను ఈ బడిలోనే నేర్చుకున్నాను. అది చెప్పి కూర్చుంటాను.

ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పేటప్పుడు నల్లబల్ల మీద గడులు గీసేవాణ్ణి. దేశం, రాజధాని, జెండా, తిండి, బట్టలు. జపాన్ అంటే కిమోనో, కెనడా అంటే మంచు, అరబ్బు దేశాలంటే ఒంటె, గుడారం. పిల్లలు వల్లె వేసేవాళ్లు, మార్కులు బాగానే వచ్చేవి. వాటిలో ఒక్క దేశాన్నీ నేను చూసి ఎరగను, అది వేరే సంగతి.

ఒకరోజు కువైట్ గడిలో ఒంటె బొమ్మ వేస్తున్నాను. ఎప్పుడూ నోరు విప్పని పాప ఒకతె వెనక నుంచి లేచింది. "మా అమ్మ ఆడనే ఉంది సార్, నాలుగేండ్లాయ. ఒంటెను చూడనే లేదంట."

తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన కడప జిల్లా పల్లెల నుంచి ఎందరు ఆడవాళ్లు అక్కడి ఇళ్లలో పనికి పోయారో మీకు తెలియనిది కాదు. మీవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగితే పదకొండు చేతులు లేచాయి. అమ్మ, నాయన, చిన్నాయన, మేనత్త.

బల్ల తుడిచేశాను. ప్రతి ఒక్కరూ ఇంగ్లీషులో ఒక ప్రశ్న రాయాలన్నాను. ఫోను వచ్చినప్పుడు ఆ పదకొండుమంది వాటిని తెలుగులో అడిగి, జవాబులు ఇంగ్లీషులో రాసుకు రావాలి.

జవాబులు వచ్చిన రోజు తరగతి సంత మాదిరి ఉంది. అక్కడ ఏరనేదే లేదట, సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి తాగుతారట. ఏడాదిలో సగం ఎండిపోయినా సరే, ఏరున్న ఊరి పిల్లలకు అది నమ్మశక్యం కాలేదు. మనకు పదయితే వాళ్లకు ఏడున్నరట. మాంసం వేసి వండే మచ్‌బూస్ మన బిర్యానీకి చుట్టమట. 1961లో దీనారు వచ్చేదాకా అక్కడ చెల్లింది మన రిజర్వు బ్యాంకు జారీ చేసిన రూపాయేనని నేనూ వెతికి ఒకటి కలిపాను. 'ఈజ్ దేర్', 'డూ దే' అని ఏండ్ల తరబడి బల్ల మీద రాసినా పట్టుబడనివి ఆ వారంలో పట్టుబడ్డాయి.

ఆ పాప నోటుబుక్కులో ప్రశ్న ఇది: 'వెన్ యు కమ్?' ఒక మాట తప్పిపోయిందని ఎర్రసిరాతో సున్నా చుట్టి, 'విల్' అని రాసి ఇచ్చాను. ఇంటికి పోయాక గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు. మర్నాడు పిలిచి, "అమ్మ ఏమనిందమ్మా?" అన్నాను.

"చెప్పలేదు సార్. ఆ ఇంటి పిల్లోళ్లకు అన్నం పెట్టల్లని ఫోను పెట్టేసింది."

మీలో ఎందరో ఇప్పుడు దేశదేశాల్లో ఉన్నారు. బడికి కంప్యూటర్లు ఇస్తామన్నారు, సంతోషం. దాంతోపాటు నెలకొకసారి ఆరో తరగతితో ఫోనులో మాట్లాడండి. పెద్ద భవనాల ఫోటోలు వద్దు. మీ పక్కింటివాళ్లు పొద్దున ఏం తింటారు, అక్కడ మీకు ఇప్పటికీ అర్థం కానిదేమిటి, ఏ పండగనాడు ఇల్లు గుర్తొస్తుంది, అవి చెప్పండి. పిల్లలు తప్పుల ఇంగ్లీషులోనే అడుగుతారు. దిద్దకుండా ముందు జవాబు చెప్పండి.

హెడ్మాస్టరు గారి గదిలో ఒక పుస్తకం పెట్టించాను. భోజనాలకు పోయే ముందు మీ పేరు, మీకు వీలైన రోజు అందులో రాసి పొండి.