రోమక స్నానశాల, విజయపురి స్నానఘట్టము

మహానంది గుండములలో నిరంతరము ఊరు నిర్మలజలమున మునిగి లేచిన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల వారికి స్నానవైభవమును వేరుగ వర్ణింపనక్కరలేదు.

ప్రాచీన రోమక సంపన్నులు తమ గ్రామసీమల భవనములలో స్నానశాలను మిక్కిలి ఆదరముతో నిర్మించుకొనిరి. పొట్టి ఇటుక స్తంభములపై గచ్చును నిలిపి, ప్రక్కనున్న కొలిమిలో కట్టెలు మండించి, ఆ వేడిగాలిని గచ్చు క్రిందుగను, గోడలలోని బోలు పెంకుల గుండను ప్రసరింపజేసెడివారు. కావుననే కట్టడమంతయు నేలమట్టమైనను, వరుసగ మిగిలిన స్తంభముల మొదళ్ళను, వానికంటిన మసిని చూచి, త్రవ్వకములు జరుపు పండితులు అది వెచ్చని గది యని నిశ్చయింపగలుగుచున్నారు.

ఆ రోమక ప్రపంచముతో మన నేలకు సంబంధము లేకపోలేదు; వారి బంగారు నాణెములు మన నంద్యాలలోనే లభించినవి. ఇక కృష్ణాతీరమున, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నాగార్జునసాగర జలములలో మునుగకముందు, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యవమున పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో, రోమక నాణెములతోపాటు, నలువైపుల మెట్లు గల క్రీడారంగమును, విశాలమైన రాతి స్నానఘట్టమును బయల్పడినవి. క్రీడారంగమున రోమక ప్రభావమును కొందరు దర్శించిరి. స్నానఘట్టము మాత్రము, నా యభిప్రాయమున, కాచిన నీటికి గాక పారు నదికై కట్టిన, సంపూర్ణముగ మనదైన నిర్మాణము.

ఆ ఘట్టమును విప్పి, జలాశయము నడుమ ద్వీపముగ మారిన నాగార్జునకొండపై మరల కూర్చిరి. ఉలిపనికి పేరొందిన ఆళ్ళగడ్డ శిల్పులు లాంచీలో ఆ ద్వీపమునకు పోయి, ఆ రాళ్ళ పొందికను స్వయముగ పరిశీలింపవలెనని నా కోరిక.