మందులచీటీకీ ఒక పరీక్ష



డాక్టరు చదువు పూర్తయితే మందులు రాయడం వచ్చేసినట్టేనని మనం అనుకుంటాం. బ్రిటన్‌లో దానికి విడిగా పరీక్ష పెట్టారు. రెండు గంటలు, 60 ప్రశ్నలు. మందుల పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. అయినా తప్పేవాళ్ళున్నారు. ఎందుకంటారా? ప్రశ్నకు రెండు నిమిషాలే. పుస్తకంలో వెతకడం అలవాటు లేకపోతే చాలవు.

కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున "రోజూ" అని రాస్తే ప్రాణానికే ముప్పు.

అందుచేత అక్కడున్న మన పిల్లలెవరైనా ఈ పరీక్ష తప్పితే, "డాక్టరువై ఉండి ఇదేమిటి?" అని దెప్పకండి. గడియారం ఎదుట పెట్టుకుని నమూనా ప్రశ్నలు చేయమనండి. వార్డులో ఫార్మసిస్టును అడిగి నేర్చుకోమనండి. అడగడం నామోషీ కాదు. పరీక్షలో తప్పు రాస్తే మార్కులే పోతాయి, చీటీలో రాస్తే మనిషే పోవచ్చు. సెలవు.