చీలిన స్ప్రేయరు ట్యాంకును అతుకుట



మందు కొట్టి ఇంటికి వచ్చిన మనిషి చొక్కా వీపున తడిసియున్నచో అది చెమటయో, మందో ఒకసారి చూడండి. వీపున తగిలించుకొను స్ప్రేయరు ట్యాంకుకు వెంట్రుకవాసి చీలిక ఉన్నను చాలును, పూటంతయు మందు ఒంటికి అంటుచునే ఉండును. పురుగుమందులు పెక్కు, ముఖ్యముగా డబ్బాపై ఎర్ర త్రికోణపు గుర్తు గలవి, నోటిద్వారానే గాక చర్మముద్వారా కూడ శరీరములో ప్రవేశించును. కనుక గుడ్డ చుట్టి ఆ పూట గడుపుకొనుట తగదు.

ఈ చీలికకు మనవారు చేయు వైద్యములకు కొదువ లేదు. ఒకరు సబ్బు రుద్దుదురు, ఒకరు బజారు జిగురు పూయుదురు, మరియొకరు ప్లాస్టిక్ సంచిని కాల్చి చుక్కలు వేయుదురు. నాలుగు పూటలు తిరుగకముందే అవి ఊడివచ్చును. తప్పు పూసినవారిది కాదు. ఈ ట్యాంకులు చాలవరకు పాలిథిలీన్ అను ప్లాస్టిక్‌తో చేసినవి. దానికి మామూలు జిగుర్లు పట్టవు. సంచి చుక్కలు చల్లని ట్యాంకుపై కూర్చుండునే గాని దానిలో కలిసిపోవు. అతుకును, ట్యాంకును రెండింటిని కరిగించి కలుపుటయే మార్గము. కారు అద్దము కడుగు నీటిడబ్బా చీలినను, అది ఈ జాతి ప్లాస్టిక్‌దే అయినచో, ఇదే విధము.

చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని ట్యాంకును సబ్బునీటితో మూడుసార్లు కడుగండి. ఆ నీటిని మందు కొట్టిన చేలోనే పోయవలెను. చెరువు, కాలువ, బావి దరిదాపుల పోయరాదు. మందు అంటిన ట్యాంకును కడుగకుండ వేడిచేసినచో ఆ ఆవిరి పీల్చిన వానికి హాని.

ట్యాంకు బాగుగా ఆరిన తరువాత చీలిక రెండు కొసలయందు 3 మిల్లీమీటర్ల బెజ్జములు వేయండి. ఇది అనవసరమని తోచవచ్చును గాని, బెజ్జము లేనిచో చీలిక అతుకును దాటి సాగిపోవును. తరువాత కత్తిమొనతో చీలిక పొడవునా చిన్న గాడి తీయవలెను. ట్యాంకు అడుగున త్రికోణములో 2 అంకె ఉన్నచో, అదే అంకె గల పాత నూనెడబ్బానుండి సన్నని పీలిక కోయండి. 5 అంకె గలది వేరు జాతి, దీనితో కలియదు.

ఆరుబయట, గాలి వీపువైపునుండి వీచునట్లు కూర్చుండి, సోల్డరింగ్ ఐరన్‌తో గాడి అంచులను, పీలికను కలిపి కరిగించుచు కొద్దికొద్దిగా అదుమవలెను. పాలిథిలీన్ సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడున కరుగును; ఐరన్ వేడి అంతకు మిక్కిలి ఎక్కువ. కనుక ఒకేచోట నిలుపరాదు. పొగ లేచినచో ప్లాస్టిక్ మాడుచున్నదన్నమాట. అతుకు దానంతట అదే చల్లారవలెను. తొందరపడి నీళ్ళు పోయకండి.

ఒక్క మాట గట్టిగా చెప్పుచున్నాను. గాలి ఒత్తిడి నిలుచు గదికి చీలిక వచ్చినచో దానిని అతుకరాదు, మార్చవలసినదే. ఎండకు పెళుసెక్కి నాలుగు వైపుల నెరియలు వచ్చిన ట్యాంకును కూడ వదలివేయండి. ఒకచోట అతికిన, మరియొకచోట పగులును. అట్టి దానికి రంధ్రములు పొడువవలెను; లేనిచో ఎవరో ఒకరు దానిలో తాగునీరు పట్టుదురు.

అతికిన ట్యాంకును మంచినీటితో నింపి, పొడి కాగితముపై ఒక పూట నిలుపండి. కాగితము తడియనిచో, ఆ నీటినే వీపున మోసి కొంతసేపు కొట్టి చూడండి. మందు కలుపుట ఆ తరువాతనే.