ఒట్టు వేయించాం, ఆసుపత్రికి మోశాం

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



గిట్టుబాటు ధర గురించి, కౌలు కార్డుల గురించి మిగతావాళ్లు మాట్లాడతారు. మా ఊరి కమిటీ చేసిన ఒక తప్పు చెప్పడానికి మేం లేచాం.

రెండేళ్ల కిందటి మాట. మా సభ్యుడొకాయన, కౌలు రైతు. పొద్దున లేస్తే సీసా. ఆయన భార్య వచ్చి ఏడిస్తే, రచ్చబండ దగ్గర పదిమందిలో కూర్చోబెట్టి ఒట్టు వేయించాం. తాగితే ఐదు వేలు జరిమానా అన్నాం. ఆయన మాట తప్పలేదు, ఒక్క చుక్క ముట్టలేదు. రెండో రోజుకి చేతులు వణికాయి. మూడో రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని కేకలు, ఆపైన ఫిట్స్. ఆటోలో వేసుకుని పరిగెత్తాం. డాక్టరు మమ్మల్నే తిట్టారు. "రోజూ తాగేవాణ్ణి ఒక్కసారిగా మాన్పించమని మీకెవరు చెప్పారు? ప్రాణం పోయేది" అన్నారు.

ఆయన చెప్పింది మాకు అర్థమైన మేరకు చెబుతాం. మెదడుని నెమ్మదింపజేసే రసాయనం ఒకటుంది, గాబా అంటారు. ఉరికించేది గ్లూటమేట్. మందు మొదటిదానికి బలమిస్తుంది, రెండోదాన్ని అణుస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే మెదడు దానికి ఎదురు సర్దుకుంటుంది. పత్తిలో పురుగు అలవాటుపడిందని మనం డోసు పెంచుకుంటూ పోలేదా? (దాన్నీ మందు కొట్టడమనే అంటాం!) తాగేవాడి డోసూ అలాగే పెరుగుతుంది. హఠాత్తుగా ఆపితే ఉరికించే రసాయనానికి అడ్డు ఉండదు. వణుకు, ఫిట్స్ అందుకే.

మరి వద్దనుకుంటూనే ఎందుకు తాగుతాడు? మొదట్లో తాగితే డోపమైన్ ఊరుతుంది, హాయిగా ఉంటుంది. పోనుపోను హాయి తగ్గుతుంది. కానీ సీసా ముట్టకముందే, షాపు కనబడగానే డోపమైన్ ఊరడం మొదలవుతుంది. పని అలవాటు చూసే భాగం చేతికి పోతుంది. పగ్గాలు వదిలేసినా ఎద్దులు ఇంటిదారి పట్టినట్టు, కాళ్లు షాపుకి పోతాయి. పగ్గం పట్టే భాగం నుదుటి వెనక ఉంటుంది. మందు దాన్నీ బలహీనం చేస్తుంది. అలాంటివాణ్ణి సిగ్గులేదా అని అడిగి ఏం లాభం?

ఇక గంజాయి. ఆకే కదా, మందు కంటే నయమంటారు కుర్రాళ్లు. మన మెదడే గంజాయిలాంటి పదార్థాన్ని కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుంది. 1992లో దాన్ని కనిపెట్టినవాళ్లు మన 'ఆనందం' మాటతోనే ఆనండమైడ్ అని పేరు పెట్టారు. గంజాయిలోని టీహెచ్‌సీ వచ్చి దాని చోట్లలో తిష్ఠ వేస్తుంది. రోజూ పీలిస్తే ఆ చోట్లు తగ్గిపోతాయి, మానేస్తే కొన్ని వారాల్లో కోలుకుంటాయి. కానీ నుదుటి వెనక భాగం పాతికేళ్ల దాకా ముదురుతూనే ఉంటుంది. పదహారేళ్ల పిల్లాడు పీల్చడమంటే నారుమడిలో కలుపు మందు కొట్టడమే.

ఆ 1992లోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అప్పుడు మాకు పాతికేళ్లు లేవు. 1993 అక్టోబరు 1న సారా పోయింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. దుకాణం మూయమని అడిగాం గానీ, తాగేవాడికి వైద్యం మేం అడగలేదు. బెల్టు షాపు ఊరూరా ఉంది, మాన్పించే మంచం మన ఆసుపత్రిలో ఒక్కటి లేదు. ఖజానా మందు డబ్బు తీసుకుంటోంది కదా, అందులోంచే పెట్టమందాం. అర్జీ బల్ల మీద ఉంది, సంతకాలు పెట్టండి. ఇంట్లో ఎవరైనా రోజూ తాగేవాళ్లుంటే గబుక్కున మాన్పించకండి, డాక్టరుకి చూపించండి. 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

మా కమిటీ ఆ జరిమానా తీర్మానం కొట్టేసింది. ఆయన మందులు వాడాడు, మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు, మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. షాపు దారిన పోడు. చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి పొలానికి వెళతాడు. ఆయన ఒక్కడే పోలేడని, పొద్దున మాలో ఎవరో ఒకరం తోడు వెళుతున్నాం.