దర్గా కొండ నుంచి బొజ్జన్నకొండ దాకా

(అనకాపల్లిలో ముస్లిం కుటుంబాలు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన హక్కుల గురించి మాట్లాడుకోవడానికి సమావేశమైన ఈ సభలో వారసత్వ నడకల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చదువు, ఉద్యోగాలు, రిజర్వేషన్లు, వఖ్ఫ్ ఆస్తులు వంటి సమస్యలు ఎదురుగా ఉండగా, పాత వీధుల్లో తిరిగి పాత గోడలను చూడటం తీరిక ఉన్నవారి వ్యాపకమని మేమూ ఒకప్పుడు అనుకున్నాము. ఒక ఉదయం విశాఖపట్నం పాత ఊరిలో జరిగిన నడకలో పాల్గొన్న తరువాత మా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో మీ ముందుంచడమే ఈ ప్రసంగం ఉద్దేశ్యం.

అనకాపల్లి నుంచి మేము కొన్ని కుటుంబాల వాళ్ళం పిల్లలతో సహా రైలులో వెళ్ళాము. దారి చూపిన వ్యక్తి మర్యాదస్తుడు, విషయం తెలిసినవాడు. పాత టౌన్ హాలు, విక్టోరియా రాణి విగ్రహం, కురుపాం మార్కెట్, చర్చీలు, ఇప్పుడు పేరులో మాత్రమే కోట మిగిలిన కోటవీధి, అన్నింటి గురించీ ఓపికగా వివరించాడు. ఓడరేవు వైపుకు వచ్చాక అక్కడి మూడు కొండలను చూపించాడు. ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై మేరీమాత చర్చి, మరొకదానిపై దర్గా. మొదటి రెండింటికీ కథలు చెప్పాడు. మూడవదాని దగ్గర, "అది దర్గా, అన్ని మతాల వాళ్ళూ వెళ్తారు" అని ఒక్క వాక్యంతో ముందుకు సాగాడు. అప్పుడు మాతో వచ్చిన అమ్మాయి ఒకతె, "ఆ కొండ మీద ఉన్నది ఎవరు? ఎందుకు వెళ్తారు?" అని మమ్మల్ని అడిగింది. మా దగ్గర సమాధానం లేదు. దారి చూపినవాడిని తప్పుపట్టే అర్హత మాకు లేకపోయింది. మన సంగతి మనకే తెలియనప్పుడు మరొకరు ఎందుకు చెప్పలేదని ఎలా అడగగలము?

ఇంటికి వచ్చాక వెతకడం మొదలుపెట్టాము. ఆ కొండపై విశ్రమిస్తున్నవారు హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ. వారి గురించి విశాఖపట్నం జిల్లా కలెక్టరుగా పనిచేసిన కార్మైకేల్ 1869లో వెలువడిన తన జిల్లా మాన్యువల్‌లో రాశాడు. బంగాళాఖాతపు గాలివానలపై ఈ ఫకీరుకు అధికారం ఉందని ఓడల వాళ్ళు నమ్మేవారట. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న దోనెలను దర్గాకు సమర్పించేవారట. రేవులోకి వచ్చే ఓడలు, వెళ్ళే ఓడలు కొండ ఎదుటకు రాగానే జెండాను ఎత్తి దించి సలాము చేసేవన్న మాట కూడా నాటి జిల్లా గ్రంథాలలో కనిపిస్తుంది.

వీటికంటే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది కార్మైకేల్ ప్రస్తావించిన ఒక వ్యాజ్యం. ఒక హిందూ పడవ యజమానికీ, అతని దగ్గర పనిచేసే ముస్లిం సరంగుకూ ప్రయాణపు లెక్కల దగ్గర తగవు వచ్చింది. సరంగు చూపిన ఖర్చులలో తుఫానులో ఫకీరుకు మొక్కిన రూపాయల పద్దు ఒకటి ఉంది. తుఫానులో అలా మొక్కడం తప్పని యజమాని అనలేదు. మొక్కుకున్న సొమ్మును సరంగు దర్గాలో చెల్లించలేదన్నదే అతని అభ్యంతరం.

సోదరులారా! దర్గాల విషయంలో మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని మాకు తెలుసు. మొక్కు అల్లాహ్‌కు తప్ప మరెవ్వరికీ చెల్లదని గట్టిగా విశ్వసించేవారు ఈ సభలోనే ఉన్నారు. ఆ చర్చను ఇక్కడికి తేవడం లేదు. ఆ వ్యాజ్యాన్ని చరిత్ర సాక్ష్యంగా మాత్రమే చూడమని కోరుతున్నాము. నూట యాభై ఏళ్ళకు పూర్వమే ఈ తీరంలో హిందువు పెట్టుబడితో, ముస్లిం నైపుణ్యంతో పడవలు నడిచాయని ఆ ఒక్క పద్దు చెబుతున్నది. మనల్ని నిన్న మొన్న బయటి నుంచి వచ్చినవాళ్ళుగా చూపే మాటలు వినిపిస్తున్న ఈ రోజుల్లో, ఒక కలెక్టరు పుస్తకంలో దొరికే ఇటువంటి సాక్ష్యం విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

అదే పాత ఊరిలో మరొక సంగతి ఉంది. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలోని కంపెనీ సిపాయిలు తిరుగుబాటు చేశారు. హైదర్ అలీపై జరుగుతున్న యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు వెళ్ళమని ఆజ్ఞ వచ్చినప్పుడు వారు నిరాకరించారు. వారికి ముందు నిలిచినవాడు ఒక ముస్లిం సుబేదారు. 1857కు డెబ్బై ఏడేళ్ళ ముందు జరిగిన సంఘటన ఇది. ఆనాడు చనిపోయిన ఇంగ్లీషు అధికారుల జ్ఞాపకార్థం నిలిపిన స్తంభం పాత యూరోపియన్ శ్మశానంలో ఉంది. ఎదురు తిరిగిన సిపాయిల పేరుతో ఆ ఊరిలో మాకు ఏ రాయీ కనిపించలేదు. రాయి నిలిపినవారి కథ నిలిచింది, నిలపనివారి కథ పోయింది. ముస్లింల స్వాతంత్ర్య పోరాట చరిత్రను తెలుగులో గ్రంథస్థం చేసిన సయ్యద్ నశీర్ అహమ్మద్ వంటివారి కృషి ఎంత అవసరమో ఇటువంటి చోట్ల నిలబడినప్పుడే అర్థమవుతుంది.

ఇప్పుడు మన అనకాపల్లికి వద్దాము. ఊరికి దగ్గరలోనే శంకరం గ్రామం ఉంది. అక్కడి బొజ్జన్నకొండను మనలో చూడనివారు అరుదు. కొండను తొలిచిన గుహలు, ఇటుక కట్టడాలు, పక్కనే లింగాలకొండపై వరుసగా చెక్కిన చిన్న చిన్న రాతి స్తూపాలు ఉన్నాయి. గత శతాబ్దం తొలి సంవత్సరాలలో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపి దానిని బౌద్ధ క్షేత్రంగా లోకానికి చూపాడు. సంఘారామం అన్న మాటే శంకరమైందని పండితులు అంటారు. బుద్ధుని కొండ జనం నోట బొజ్జన్నకొండ అయింది. రాతి స్తూపాలు శివలింగాల్లా కనిపించడంతో రెండవ కొండ లింగాలకొండ అయింది. పేర్లు ఉన్నాయి, పేర్ల వెనుక మనుషులు మాత్రం మరపున పడిపోయారు.

ఆ మరపు ఎక్కడికి దారితీసిందో మీకు తెలుసు. ఏటా కనుమ పండుగ నాడు జనం ఆ కొండకు వెళ్ళి, అక్కడి ఒక ఆకారాన్ని రాక్షసుడిగా భావించి రాళ్ళు విసిరేవారు. వారిలో బౌద్ధుల పట్ల ద్వేషం లేదు. అక్కడ ధ్యానం చేసినవారెవరో, ఆ స్థలం ఏమిటో చెప్పేవారు లేకపోయారు, అంతే. తరువాత ఇంటాక్ వంటి వారసత్వ పరిరక్షణ సంస్థల వారు పూనుకొని, ప్రజలకు నచ్చజెప్పి ఆ ఆచారాన్ని మాన్పించారు.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, తన గురించి చెప్పుకునేవారు లేని సమాజపు పవిత్ర స్థలం కాలక్రమంలో రాక్షసుడి స్థలమైపోగలదు. అందుకు శత్రువులు అవసరం లేదు, మౌనం చాలు. రెండవది, రాళ్ళు ఆగాలని అడిగినవారు బౌద్ధులే కానక్కరలేకపోయింది. పొరుగువారి వారసత్వం కోసం మాట్లాడిన మనుషులు ఈ నేల మీదే ఉన్నారు. రేపు మన మసీదు కోసం, మన ఖబరస్తాన్ కోసం వారు మాట్లాడాలని కోరుకుంటే, బొజ్జన్నకొండ కోసం మనమూ మాట్లాడాలి. భూమిపై సంచరించి పూర్వుల జాడలను పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ మనకు పదే పదే గుర్తుచేస్తుంది. ఆ పరిశీలన మన పూర్వుల జాడలకే పరిమితం కాదు.

ఇక హక్కుల విషయం. 2025లో వచ్చిన వఖ్ఫ్ సవరణ చట్టం మన ముందున్న అతి పెద్ద ప్రశ్న. మన మసీదులు, దర్గాలు, ఖబరస్తాన్‌లలో చాలా వాటికి దస్తావేజులు లేవు. తరతరాలుగా నమాజు జరగడం, ఖననం జరగడమే వాటికి ఆధారం. దీనినే చట్ట పరిభాషలో వినియోగం ద్వారా ఏర్పడిన వఖ్ఫ్ అంటారు. కొత్త చట్టం ఇకమీదట ఈ మార్గాన్ని మూసివేసింది. చట్టం అమలులోకి రాకముందే నమోదైనవి వఖ్ఫ్‌గానే కొనసాగుతాయి. కాని అవి వివాదంలో ఉంటే, లేదా ప్రభుత్వ ఆస్తి అని తేలితే ఆ రక్షణ వర్తించదు. నమోదైన ఆస్తుల వివరాలను కేంద్ర పోర్టల్‌లో ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టారు. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ గడువు పొడిగించే వీలు ఉంది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కలెక్టరు అధికారాలకు సంబంధించిన నిబంధనలతో సహా కొన్నింటిని నిలిపివేసింది గాని, నమోదు బాధ్యత నుంచి మనల్ని తప్పించలేదు. చట్టంలోని అన్యాయాన్ని రాజ్యాంగబద్ధంగా ఎదుర్కొనే పోరాటం సాగవలసిందే. అయితే న్యాయస్థానంలో నిలబడేది ఆవేశం కాదు, ఆధారం.

ఆ ఆధారాన్ని సేకరించే మార్గాలలో వారసత్వ నడక ఒకటని మేము భావిస్తున్నాము. మన ఊరి నడకను మనమే రూపొందించుకుందాము. ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత మసీదు వద్ద మొదలుపెట్టవచ్చు. మసీదు ఎప్పుడు కట్టారు, స్థలం ఎవరిచ్చారు, గోడలో రాతి ఫలకం ఏమైనా ఉన్నదా, ఉంటే దానిపై ఉర్దూ లేదా ఫార్సీ అక్షరాలు ఏమి చెబుతున్నాయి అన్నది ముందు చూడాలి. అక్కడి నుంచి ఖబరస్తాన్‌కు వెళ్ళి, పాత సమాధుల రాళ్ళను చెరిగిపోకముందే ఫోటోలు తీయాలి. సర్వే నంబరు, హద్దులు రాసుకోవాలి. 1954 నాటి వఖ్ఫ్ చట్టం తరువాత సర్వేలు జరిపి గెజెట్‌లో ప్రచురించిన జాబితాలో ఆ స్థలం ఉన్నదో లేదో సరిచూడాలి. పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నికాహ్ రిజిస్టర్లు ఇళ్ళల్లో పెట్టెల అడుగున ఉంటాయి. వాటి నకళ్ళు తీసి ఒకచోట భద్రపరచాలి.

తరువాత బెల్లం మార్కెట్. దేశమంతటా పేరున్న ఆ మార్కెట్‌లో మన తాతలు, తండ్రులు ఏ పని చేశారు? బండి తోలారా, దుకాణం నడిపారా, కూలి చేశారా? దీనిని ఏ పుస్తకమూ మనకు చెప్పదు. మన ఇంట్లో నానీలు, దాదీలు చెప్పగలరు. వారి మాటలను వారి గొంతుతోనే రికార్డు చేయండి. మగవారి పేర్లు కాగితాల్లో ఉంటాయి. ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగింది, ఏ ఇంటివారు ఏ ఊరి నుంచి వచ్చారు, తుఫాను వచ్చిన ఏడాది పక్కింటి వాళ్ళు ఎవరికి ఆశ్రయమిచ్చారు అన్నవి ఆడవారి జ్ఞాపకంలోనే ఉంటాయి.

పిల్లలకు తహసిల్దారు కచేరీని కూడా చూపించండి. జిల్లా, తాలూకా, జమాబందీ, దస్తావేజు, వకీలు అనే మాటలు అరబ్బీ, ఫార్సీల నుంచి మన తెలుగులోకి వచ్చి స్థిరపడినవని చెప్పండి. రెవెన్యూ లెక్కలలో నేటికీ వాడే ఫసలీ సంవత్సరం మొగలుల కాలం నాటిదని చెప్పండి. 2025 జూలైలో మొదలైనది 1435వ ఫసలీ. గోల్కొండ కాలం నుంచి మన ప్రాంతం చికాకోల్ సర్కారులో, అంటే శ్రీకాకుళం కేంద్రంగా సాగిన పాలనలో భాగం. ఆ పాలన పోయింది, దాని మాటలు ప్రతి రైతు పట్టా పుస్తకం వెనుక ఉన్నాయి. ఇది ఒకరి గెలుపు, మరొకరి ఓటమి గురించిన కథ కాదు. ఈ భాషను కలిసి కట్టుకున్నవారి కథ.

ఈ పనిలో రెండు జాగ్రత్తలు అవసరం. నిరూపించలేనిదానిని మనదని చెప్పుకోరాదు. విన్నదానిని విన్నట్టుగా, రాసి ఉన్నదానిని రాసి ఉన్నట్టుగా వేరుచేసి రాయాలి. విశాఖ పేరు ఇస్‌హాఖ్ పేరు నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. అది జనం నోట ఉన్న మాటగానే చెప్పాలి. ఒక్క అతిశయోక్తి వంద నిజాలను అనుమానంలో పడేస్తుంది. ఇక రెండవది, నడకను మనవారికే పరిమితం చేయరాదు. పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ, దళిత మిత్రులను, పాఠశాల ఉపాధ్యాయులను పిలవాలి. మసీదు లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని పొరుగువారు మన ఊరిలో ఎందరో ఉన్నారు. వారు లోపలికి రావడం, చల్లని నీళ్ళు తాగి కాసేపు కూర్చోవడం అనే చిన్న పని ఎన్నో అపోహలను తొలగిస్తుంది.

నడక చివరన అందరమూ కలిసి బొజ్జన్నకొండకు వెళ్దాము. ఆ మెట్లపై కూర్చొని, ఆనాడు రాళ్ళు పడిన సంగతిని, ఆ తరువాత ఆగిన సంగతిని పిల్లలకు చెప్పుదాము.

విశాఖలో ప్రశ్న వేసిన ఆ అమ్మాయికి తరువాత దర్గా కొండ కథ చెప్పాము. వెండి దోనెల సంగతి, సరంగు వ్యాజ్యం విన్నది. "మరి మన ఊరిలో ఎవరున్నారు?" అని మళ్ళీ అడిగింది. ఆ ప్రశ్నను ఈ సభకు అప్పగించి సెలవు తీసుకుంటున్నాము. పూర్వులు మన చేతిలో ఉంచి వెళ్ళిన అమానతును కాపాడుకునే శక్తిని, పొరుగువారి అమానతును గౌరవించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.