నల్లకోటు మన వాడకు రావాలంటే

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన మీద దెబ్బ పడ్డప్పుడల్లా మనం పోయేది ముందు పోలీసు స్టేషనుకు, తర్వాత కోర్టుకు. రెండు చోట్లా కాగితం రాసే చెయ్యి మనది కాదు. మన బాధ మనం చెప్పుకుంటాం, దాన్ని చట్టం భాషలోకి మార్చేవాడు ఇంకెవడో. మార్చేటప్పుడు ఏది రాలిపోయిందో మనకు తెలియనే తెలియదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళను చంపారు. పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. కింద మెట్టు మీద గెలిచింది పై మెట్టు మీద పోయింది. అందుకే ప్రతి మెట్టు మీదా మన మనిషి నిలబడి ఉండాలంటున్నాం. కారంచేడు జరిగినప్పుడు ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి వచ్చిన బొజ్జా తారకం గారి లాంటివాళ్ళు ఒక్కరుంటే చాలదు, తాలూకాకు పదిమంది కావాలి.

మరి మన పిల్లలు లా కాలేజీకి ఎట్లా పోవాలి? దారి చెప్తాం, వినండి.

మన రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఇంటర్ అయినవాళ్ళకు ఐదేళ్ళ కోర్సు. ఏ డిగ్రీ అయినా చేసినవాళ్ళకు మూడేళ్ళ కోర్సు. మామూలుగా 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ ఎస్టీలకు 40 చాలు. పరీక్షలో 120 ప్రశ్నలు, టైము గంటన్నర. సగం మార్కులు చట్టానికి సంబంధించినవి, అందులో రాజ్యాంగం ముఖ్యం. మిగతా సగం జనరల్ నాలెడ్జి, తర్కం, నేటి సంగతులు. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. తప్పు రాస్తే మార్కు కొయ్యరు. ఎస్సీ ఎస్టీలకు కనీస మార్కు అన్నది లేదు, రాస్తే ర్యాంకు వస్తుంది. కానీ సీటు ఇచ్చేది ర్యాంకును బట్టే. కనీస మార్కు లేదు కదా అని చదవకుండా పోతే మంచి కాలేజీ చేజారిపోతుంది.

ఇంకో దారి క్లాట్. హైదరాబాదు నల్సార్ కు, విశాఖలో దామోదరం సంజీవయ్య గారి పేరు మీదున్న యూనివర్సిటీకి ఆ పరీక్షతోనే పోవాలి. అది ఇంగ్లీషులోనే ఉంటుంది, తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. క్లాట్ 2025కి మన పిల్లల దగ్గర కూడా 3,500 రూపాయలు ఫీజు తీసుకున్నారు. కూలి చేసే ఇంట్లో ఆ డబ్బు ఎన్ని రోజుల కూలో మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్ల వాడలో ఉంటే చందా వేసుకునైనా రాయించండి. సంజీవయ్య గారి పేరున్న గేటు దగ్గర మన పిల్లలు బయట నిలబడకూడదు.

ఇప్పుడు అసలు మాట. మన పిల్లలు ఎక్కువగా పరీక్ష హాల్లో ఓడిపోవటం లేదు. అంతకు ముందో వెనకో, కాగితం దగ్గర ఓడిపోతున్నారు.

మొదటిది చదువు వరస. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఇంటర్ గానీ డిగ్రీ గానీ దూరవిద్యలో చేసినా చెల్లుతుంది. కానీ ఇంటర్ చదవకుండా అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేస్తే అది లా సీటుకు చెల్లదు. పనిచేసుకుంటూ చదివేది ఎవరు? మన పిల్లలే. ఈ నిబంధన ఎక్కువగా తగిలేది కూడా మనకే. ఇది అన్యాయమని అడగాల్సిందే. అడుగుతూనే, చదువు మధ్యలో ఆపినవాళ్ళతో ముందు ఓపెన్ స్కూలులో ఇంటర్ కట్టించండి.

రెండోది సర్టిఫికెట్లు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ఏ గ్రూపు అన్నది కులం పేరును బట్టి తేలుతుంది. ఆ పేరు తప్పు పడితే సీటు వేళ గొడవ. కులం, ఆదాయం, బడి స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి. పనికోసం వలసపోయి నాలుగు ఊళ్ళ బళ్ళలో చదివిన పిల్లలకు ఈ స్టడీ సర్టిఫికెట్లే గండం. కౌన్సెలింగు రేపనగా తహశీల్దారు ఆఫీసు ముందు కూర్చుంటే పని కాదు.

మూడోది సీటు రకం. ప్రైవేటు కాలేజీ తరఫున మనిషి వచ్చి "పరీక్షతో పనేముంది, సీటు మేమిప్పిస్తాం" అంటాడు. అది మేనేజ్‌మెంట్ సీటు. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే వస్తుంది, ఆదాయ పరిమితికీ హాజరుకూ లోబడి. సంతకం పెట్టేముందు "ఇది ఏ కోటా?" అని ఒక్క మాట అడగండి.

నాలుగోది లెక్క. మన పిల్లకు ఓపెన్ లో సీటు వచ్చే ర్యాంకు వస్తే అది ఓపెన్ సీటే, మన కోటాలో కలపకూడదు. మండల్ కేసులో 1992లోనే సుప్రీంకోర్టు ఈ సూత్రం చెప్పింది. ప్రతి కోటాలోనూ ఆడపిల్లలకు మూడో వంతు ఉంది. ఆ సీట్లు ఎవరితో నింపారో లిస్టు చూడండి.

లా అయిపోయాక ఎన్‌రోల్‌మెంటు. బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు గుంజేవి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. చట్టంలో ఉన్నంతే తీసుకోవాలి, మామూలుగా 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు. ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి.

1927లో మహద్ చెరువు నీళ్ళు ముట్టినందుకు అగ్రకులాలవాళ్ళు బాబాసాహెబ్ మీదనే దావా వేశారు. పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో ఆ దావా ఓడిపోయింది. చెరువు దగ్గర నిలబడ్డ మనిషికే చట్టం కూడా తెలుసు. మనకు కావలసింది అట్లాంటి మనుషులు.

కార్యకర్తలకు మా విన్నపం ఒకటే. ఇక్కణ్ణుంచి వెళ్ళగానే వాడలో ఇల్లిల్లూ తిరిగి ఒక పుస్తకంలో రాయండి: ఇంటర్ అయినవాళ్ళెవరు, డిగ్రీ అయినవాళ్ళెవరు, మధ్యలో ఆపిందెవరు, ఎవరి దగ్గర ఏ కాగితం లేదు. వచ్చే సమావేశానికి ఆ పుస్తకం తీసుకుని రండి. వాడకొక్కరిని లాసెట్ రాయిద్దాం.

జై భీమ్!